కడెం వెంట నడిచిన బిడ్డ

ముందుమాట

మా ఆదిలాబాద్ ప్రాంతాన్ని గురించి పుస్తకాల్లో ఉన్నది చాలామటుకు దారినపోయినవాళ్ళు రాసినదే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, హైదరాబాదు దాటి, నిర్మల్ మీదుగా నాగపూరు దారి పట్టాడు. పల్లకీ, బోయీలు, గుడారాలు, వెంట పెద్ద పరివారం. ఆయన రాసుకున్న దినచర్య 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో 1838లో అచ్చయింది. తెలుగులో యాత్రారచన అనగానే అందరం ముందు ఆయనకే నమస్కారం పెడతాం. శ్రద్ధగా చూసి, చూసినదాన్ని చూసినట్టు రాసిన మనిషి. కాని ఆయన చేరవలసింది కాశీ. మా గుట్టలు ఆయనకు దాటవలసిన గుట్టలు.

మరో నూట పదేళ్ళకు ఆస్ట్రియా దేశస్థుడు హైమన్‌డార్ఫ్ వచ్చాడు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను, ఆయన సహచరులను చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారు ఆయన్ను ఇక్కడికి పంపింది. ఆయన దాటిపోలేదు, ఆగాడు. జైనూర్ దగ్గర మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణకు పాదు వేశాడు, 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద పెద్ద పుస్తకం తెచ్చాడు. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది, ఆయన సమాధీ ఆమె పక్కనే ఉంది. ఈ ప్రాంతం ఆయనకు రుణపడి ఉంది. అయినా ఆయన రాసింది ఇంగ్లీషులో, మానవశాస్త్రం చదువుకున్నవాళ్ళ కోసం.

ఉట్నూర్ బస్టాండులో బస్సెక్కి, వీపుకు సంచి తగిలించుకుని, ఈ నేలనే ఒక దేశం అనుకుని తిరిగి, ఇక్కడి మాటతో రాసిన పుస్తకం నా చేతికి ఇప్పుడు వచ్చింది. నా కళ్ళు చదువుకు సహకరిస్తుండగానే వచ్చింది. ఆ సంతోషంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అట్ట మీద రచయిత్రి పేరు ఉంది. నేను మాత్రం ఎప్పుడూ పిలిచినట్టే బిడ్డ అని రాస్తాను. బడిలో సాంఘికశాస్త్రం చెప్పిన పరిచయం మాది. పాఠంలో అజంతా వచ్చినా హంపీ వచ్చినా లేచి నిలబడి, "మన దగ్గర ఏమున్నయి సార్?" అని అడిగే పిల్ల. నేను నాలుగు పేర్లు చెప్పేవాణ్ణి. ఆ నాలుగు పేర్లతో ఆమెకు తృప్తి లేదని అప్పుడే తెలుసు. పట్నంలో చదువు ముగించి, చిన్న ఉద్యోగంలో చేరి, సెలవు దొరికినప్పుడల్లా ఆమె చేసిన పని ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

ఇప్పటి పిల్లలు బ్యాక్‌ప్యాక్ వేసుకుని మనాలి పోతున్నారు, గోకర్ణ పోతున్నారు, డబ్బులు కూడితే వియత్నాం, బాలి పోతున్నారు. పోనివ్వండి, మంచిదే. నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' చదివి, చూడని కాశ్మీరాన్ని ప్రేమించినవాణ్ణి నేను. ఆచార్య ఎం. ఆదినారాయణ 'భ్రమణకాంక్ష' చదివి కాళ్ళకు పని చెప్పిన శిష్యులు నాకున్నారు. దూరం పోయినవాడి కళ్ళు తెరుచుకుంటాయి. అయితే దూరదేశంలో తెరుచుకునే కళ్ళతోనే సొంత జిల్లాను చూడటం చాలా కష్టం. రోజూ బస్సు కిటికీలోంచి కనపడే గుట్టను ఎవరూ గుట్టగా చూడరు. బిడ్డ చూసింది. అందుకు ఆమె ఎంచుకున్న పద్ధతి సులువైనది: ఏ చోటికి పోయినా దాని ఎత్తెంత, వయసెంత అని అడిగేముందు, ఇది ఎవరిది అని అడిగింది. ఈ నీళ్ళు ఎవరివి, ఈ కోట ఎవరిది, ఈ గుహలో దేవత ఎవరి ఇంటి ఆడబిడ్డ? పుస్తకమంతా ఈ ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది.

ఆమె ఎట్లా తిరిగిందో కూడా చెప్పాలి. 2023 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ చూపిస్తే కండక్టర్ మిషన్ మీద జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. బిడ్డ ఆ జీరో టికెట్లన్నీ నోటుబుక్కులో వరుసగా అంటించింది. నాకు తెచ్చి చూపించింది. మిషన్ అచ్చువేసిన అక్షరాలు చాలావరకు వెలిసిపోయి కాగితం తెల్లబడింది. పక్కన ఆమె పెన్నుతో రాసుకున్నది మాత్రం నిలిచింది: ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది, పక్క సీటులో ఎవరు కూర్చున్నారు, ఏం మాట్లాడారు. ఈ పుస్తకంలో సగం మాటలు ఆ పక్క సీటువాళ్ళవే. తునికాకు కల్లం నుంచి వచ్చే తల్లి, ఐటీడీఏ ఆఫీసుకు కాగితాలు పట్టుకుపోయే రైతు, ఉట్నూర్ ఆసుపత్రి నుంచి పసిబిడ్డతో ఇంటికి పోయే బాలింత. ఉచిత బస్సు మీద అటూ ఇటూ వాదనలు చాలా విన్నాను. ఒక సామాన్యుడి ఇంటి ఆడపిల్ల తన జిల్లాను తాను చూసిరావడానికి అది దారి చేసిందన్న మాట మాత్రం ఎవరి నోటా వినలేదు. ఈ పుస్తకం ఆ మాట చెప్పింది.

బస్సు ఆగిపోయే చోట నడక మొదలు. సంచిలో ఒక దుప్పటి, టార్చిలైటు, నీళ్ళ సీసా, అటుకులు, బెల్లం, నోటుబుక్కు. చీకటి పడకముందే ఊరు చేరడం, ఊళ్ళో ముందు పటేల్‌నో టీచర్‌నో ఆశా కార్యకర్తనో కలవడం, రాత్రికి ఎవరింట్లో ఉంటున్నదీ అమ్మకు ఫోన్ చేసి చెప్పడం. ఈ నియమాలను ఆమె ఎక్కడా గొప్పగా చెప్పుకోలేదు. కాని ఒంటరిగా బయలుదేరాలనుకునే ఆడపిల్లలు ఆ పుటలు రెండుసార్లు చదవాలి.

పుస్తకంలో నాకు ప్రాణం అనిపించిన భాగం కడెం నది భాగం. కుంటాల, పొచ్చెర, కనకాయి, గాయత్రి. ఈ జలపాతాల పేర్లు ఇవాళ హైదరాబాదు పిల్లలకూ తెలుసు. వానాకాలం ఆదివారాల్లో నేరడిగొండ నుంచి కుంటాల దాకా ఉన్న పన్నెండు కిలోమీటర్లూ కార్లు బారులు తీరుతాయి. వచ్చినవాళ్ళు ఒక్కో జలపాతాన్నీ ఒక్కో చోటుగా చూసి, ఫోటో తీసుకుని, రాత్రికి ఇల్లు చేరతారు. బిడ్డ అట్లా చూడలేదు. బోథ్, బజార్‌హత్నూర్ వైపు గుట్టల్లో పుట్టిన నీళ్ళు ఎటు పోతున్నాయో చూద్దామని వాటి వెంట పడింది. కార్తె మారినప్పుడల్లా కొంత, సెలవులు కుదిరినప్పుడల్లా కొంత, ముక్కలు ముక్కలుగా నడిచి, గోదావరిలో కలిసేదాకా ఆ నీళ్ళను విడిచిపెట్టలేదు. అట్లా నడిచినవాళ్ళకే తెలుస్తుంది, మనం నాలుగు పేర్లతో పిలుచుకునే ఈ జలపాతాలన్నీ కడెం, దాని పాయల మెట్లేనని. గిర్నూర్ దగ్గర కనకాయి అంచున నిలబడినప్పుడు చూసిన నీళ్ళే కుంటాలలో సుమారు 45 మీటర్లు దూకుతాయి. పొచ్చెర ఇరవై మీటర్లే. కాని అక్కడ వెడల్పైన రాతిమీద నీళ్ళు పరుచుకుని, ఒక్కసారిగా లోతైన గుండంలో పడతాయి. ఆ హోరులో మనిషి మాట మనిషికి వినపడదు.

కుంటాలను ఆమె వర్షాకాలంలో ఒకసారి, మే నెలలో ఒకసారి చూసింది. వానాకాలం కుంటాల గురించి అందరూ రాస్తారు. మే నెల కుంటాల గురించి నేను ఇంతవరకు ఎక్కడా చదవలేదు. ధార సన్నగిల్లి, పరుపుబండ బయటపడి ఉంటుంది. ఆ బండలో అక్కడక్కడా గుండ్రటి గుంటలు, ఎవరో సానబట్టి తొలిచినట్టు ఉంటాయి. బిడ్డ ఒక గుంటలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి ఒక గులకరాయిని తీసింది. గుడ్డులా నున్నగా ఉంది. వరద వచ్చినప్పుడు సుడిలో చిక్కిన రాళ్ళు అక్కడక్కడే తిరిగి తిరిగి బండను తొలుస్తాయి, బండను తొలుస్తూ తామూ అరిగిపోతాయి. ఇది ఎన్ని వేల వానాకాలాల పని అయి ఉంటుంది! ఆమె ఆ రాయిని సంచిలో వేసుకోకుండా మళ్ళీ ఆ గుంటలోనే వదిలింది. దాని పని ఇంకా అయిపోలేదు అని ఒకే ఒక వాక్యం రాసింది. నా శిష్యురాలు అని చెప్పుకోవడానికి నాకు ఆ వాక్యం చాలు.

శకుంతల పేరు మీద కుంటాల అయిందని కథ చెప్పేవాళ్ళు ఉన్నారు. ఆమె ఆ కథను గౌరవంగా రాసింది. దాంతో పాటు మహాశివరాత్రికి అక్కడి సోమేశ్వరుడి దగ్గరికి నడిచి వచ్చే గూడేల వాళ్ళు చెప్పిన మాటలూ రాసింది. ఆ రోజు వచ్చే జనం జలపాతం చూడటానికి రారు, దేవుడి దగ్గరికి వస్తారు. జలపాతం ఆ దేవుడి ఇంటి ముంగిలి. అది తెలిసినవాడు ఆ నీటి ఒడ్డున సీసాలు పగలగొట్టడు. కుంటాల గుండాల్లో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న యువకులు ఎందరో. సెల్ఫీ కోసం పాచి పట్టిన బండ మీద కాలు పెట్టినవాళ్ళూ ఉన్నారు. హెచ్చరిక బోర్డులు ఉన్నాయి, కాపలా ఉంది, అయినా ఆగడం లేదు. అక్కడ కాపలా ఉండే గూడెం పిల్లాడొకడు, శవాన్ని బయటికి తీయడానికి తాను నీళ్ళలోకి దిగిన రోజును గురించి బిడ్డతో మాట్లాడాడు. ఆ రెండు పుటలు చదివాక నేను పుస్తకం మూసి కాసేపు వాకిట్లో తిరిగాను. కుంటాల పోయే ప్రతి కారులోనూ ఎవరో ఒకరు ఆ పుటలు బిగ్గరగా చదివి వినిపిస్తే బాగుండునని నా కోరిక.

కడెం ప్రాజెక్టు దగ్గర ఆమె నడక ఇంకొంచెం నిదానమైంది. 1958 వరదలో కట్ట తెగిన సంగతి ఆ ప్రాంతపు ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2022 జులైలో మళ్ళీ అంతటి గండం వచ్చింది. పద్దెనిమిది గేట్లు వదలగలిగే నీటికంటే ఎక్కువ నీరు పైనుంచి దూకింది, గేట్ల మీదుగా పొంగింది, కింది ఊళ్ళను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. కట్ట నిలిచింది. ఇప్పుడు ఆ జలాశయం ఒడ్డున పడవ ఎక్కి సాయంకాలం అందం చూసేవాళ్ళకు ఆ రాత్రి గురించి తెలియకపోవచ్చు. బిడ్డ ఆ రాత్రి తలగడ, బియ్యం మూట, మేకపిల్లతో గుట్టెక్కిన ఒక ఇల్లాలి నోట ఆ కథ చెప్పించింది. సరస్సు అందాన్ని వర్ణించిన వాక్యాలు ఆ కథ తరువాత వస్తాయి. అదే సరైన వరస.

కడెం మండలంలోనే రాంపూర్, మైసంపేట ఊళ్ళు ఉండేవి. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం అయింది. ఆ తరువాత ఈ రెండు ఊళ్ళనూ అడవి లోపలి నుంచి లేపి, కొత్త మద్దిపడగ దగ్గర ఇళ్ళు కట్టించి తరలించారు. పులికి చోటు కావాలి, ఒప్పుకుంటాను. పిల్లలకు బడి, రోడ్డు, కరెంటు దగ్గరయ్యాయి, అదీ నిజమే. అయినా మనిషి వదిలిన వాకిలి వాకిలే. వెయ్యేళ్ళ కిందటి రాళ్ళను చూడటానికి బయలుదేరిన యాత్రికురాలు, నిన్నమొన్న ఖాళీ అయిన ఊరి గురించి కూడా అంతే శ్రద్ధగా రాయడం నాకు చాలా గొప్పగా తోచింది. చరిత్ర పాఠం ఎట్లా చెప్పాలో ఆమె దగ్గర మేము నేర్చుకోవాలి.

ఇక రాళ్ళ సంగతి. మా ఊళ్ళోనే గోండు రాజుల కోట ఉంది. ఉట్నూర్‌లో పుట్టి పెరిగి, ఆ గోడల పక్క నుంచి నిత్యం బడికి పోయిన పిల్లలు వేలమంది ఉంటారు. ఆ గోడ మీద చెయ్యి ఆనించి, దీన్ని కట్టిన కూలీలు ఏ గూడెం వాళ్ళో అని ఆలోచించిన పుట ఇందులో ఉంది. చందా, సిర్పూర్, మాణిక్‌గఢ్ కోటల వరుసలో మా కోటను కూడా నిలబెట్టి, గోండు రాజ్యాల గురించి మన పాఠ్యపుస్తకాలు ఎంత తక్కువ చెబుతాయో ఆమె నెమ్మదిగానే, గట్టిగా చెప్పింది. మందమర్రి వైపు బొక్కలగుట్ట దగ్గర గాంధారి ఖిల్లా ఎక్కినప్పుడూ అంతే. కోట ఎవరు కట్టారన్న వివాదాన్ని రెండు ముక్కల్లో తేల్చేసి, మాఘమాసంలో అక్కడికి వచ్చే నాయకపోడుల జాతర మీద, గాంధారి మైసమ్మ మీద మనసు పెట్టింది. రాజులు పోయారు, మైసమ్మ ఉంది. కోటను ఇవాళ్టికీ వాడుకుంటున్నది ఆ నాయకపోడులే.

ఇచ్చోడ మండలం సిరిచెల్మలో చెరువు మధ్యన ఉన్న శివాలయం గురించి ఆమె రాసింది చదివి, నేనే మళ్ళీ ఒకసారి పోవాలనుకున్నాను. జైనథ్ లక్ష్మీనారాయణస్వామి గుడి గురించి ఇంతకు ముందు చదివినవి చాలావరకు కట్టుకథలే. బిడ్డ అక్కడి శాసనం దగ్గర ఆగింది. మాళవ దేశపు పరమార వంశీకుడు జగద్దేవుడి కాలపు శాసనం అది. అతడు ఉదయాదిత్యుడి కొడుకు. చాళుక్య విక్రమాదిత్యుడి కొలువులో చేరి ఈ వైపుకు వచ్చాడు. ధార నుంచి కల్యాణి దాకా రాజకీయం నడిచిన రోజుల్లో, పెన్‌గంగ ఇవతల ఒక చిన్న ఊళ్ళో నల్లరాతి మీద సంస్కృత శ్లోకాలు చెక్కారంటే, మా జిల్లా ఎప్పుడూ మూలకు పడి ఉన్న జిల్లా కాదని అర్థం. ఉత్తరానికీ దక్షిణానికీ దారి ఇదే. ఈ సంగతి చెప్పడానికి పండితులు పెద్ద వ్యాసాలు రాస్తారు. ఆమె జైనథ్ గుడి అరుగు మీద కూర్చుని ఒక పేజీలో చెప్పింది.

కరీంనగర్ వైపు ఆమె పోవడం నాకు మొదట అక్కర్లేదనిపించింది, కాని ఆ భాగం లేకపోతే పుస్తకానికి ఒక కాలు ఉండేది కాదు. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో, సుమారు 945 ప్రాంతంలో, అక్కడి బండ మీద చక్రేశ్వరీదేవి, తీర్థంకరుల బొమ్మలు, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం చెక్కించాడు. తెలుగు కందపద్యాల్లో మనకు దొరికిన తొలినాటివి ఆ బండ మీద ఉన్నాయి. మన భాషకు ప్రాచీన హోదా అడిగినప్పుడు ఢిల్లీకి చూపించిన ఆధారాల్లో ఆ బండ ఒకటి. ఇంతటి బండ దగ్గరికి పోయినవాళ్ళు ఎదురుగా నిలబడి ఫోటో తీస్తే, గరుకు రాయి తప్ప ఏమీ కనపడదు. బిడ్డ పొద్దు గూకేదాకా ఆగింది. ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడేసరికి ఒక్కో గీతకూ నీడ వచ్చి అక్షరం పైకి తేలింది. పొద్దు పోయాక టార్చిని బండకు ఆనించి అదే పని చేసింది. వేలు పెట్టి తడమకుండా, సున్నం పూయకుండా, కళ్ళతోనే ఒక అక్షరం తరువాత ఒక అక్షరం వెతుక్కుంటూ పోయింది. అన్నీ చదవగలిగానని ఆమె అబద్ధం చెప్పలేదు. గుర్తుపట్టిన నాలుగు తెలుగు అక్షరాల దగ్గర ఆమెకు కలిగిన ఆనందం ఆ పేజీలో కొట్టొచ్చినట్టు కనపడుతుంది. చుట్టుపక్కల గుట్టలను గ్రానైట్ కోసం కోసుకుపోతున్న కాలంలో ఆ గుట్ట మిగలడానికి కొట్లాడినవాళ్ళకు ఆమె చేతులెత్తి మొక్కింది. నేనూ మొక్కుతున్నాను.

అక్కడి నుంచి ధర్మపురి దగ్గర కోటిలింగాల. పెద్దవాగు గోదావరిలో కలిసే చోట మట్టిదిబ్బల్లో దొరికిన నాణేలను సంగనభట్ల నరహరిశర్మ ఏరి దాచి, పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారికి చేర్చకపోతే, శాతవాహనుల మూలపురుషుడు సిముకుడి నాణేలు మన గడ్డమీద ఉన్నాయని లోకానికి తెలిసేది కాదు. తరువాత వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యంలో పురావస్తుశాఖ తవ్వకాలు జరిపింది. ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ళు ఆ దిబ్బల మీదికి వచ్చాయి. రెండువేల ఏళ్ళ కిందటి కోట గోడలు నీళ్ళ కింద, ఒడ్డున చేపల వల ఆరేసిన బెస్తవాళ్ళు పైన. ఆమెకు కథ చెప్పింది ఆ బెస్తవాళ్ళే, తమ తాతలు ఆ దిబ్బల మీద పశువులు కాస్తూ ఏరుకున్న పూసల గురించి చెప్పారు. ధూళికట్ట బౌద్ధ స్తూపం, ఎలగందుల కోట కూడా చూసింది గాని, అవి చూసిన వేగం ఆ పుటల్లోనే తెలుస్తుంది. మానేరు ఒడ్డున అంత పెద్ద కోట పెట్టుకుని రెండు పేరాలతో సరిపెట్టడం న్యాయం కాదు. నిర్మల్‌కూ అదే అన్యాయం జరిగింది. పొనికి కర్ర చెక్కే నకాషీ కుటుంబాల దగ్గర ఆమె ఒక రోజు కూర్చుని ఉంటే ఎంత బాగుండేది! ఈ మాటలు ఆమెతో ముఖాముఖి అన్నాను, రాతలోనూ అంటున్నాను. పెద్దవాళ్ళు ముందుమాటలో పొగడ్తలు మాత్రమే రాస్తే చదివేవాళ్ళు ఆ పొగడ్తలను నమ్మరు.

మనుషుల గురించి రాసినచోట మాత్రం ఆమె ఎక్కడా తొందరపడలేదు. జైనూర్ వైపు ఒక గోండు గూడెంలో, వాకిట్లో జొన్నలు చెరుగుతున్న అవ్వ "రాం రాం" అన్న వెంటనే అడిగిన ప్రశ్న: "మీరు ఎన్ని దేవుళ్ళోళ్ళు?" గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ సగలు ఉంటాయి. ఆ లెక్క తెలిస్తే ఎవరికెవరు అన్నదమ్ములు, ఎవరితో వియ్యం కలుస్తుంది అన్నది తేలిపోతుంది. బిడ్డ గోండు పిల్ల కాదు. "మాకు ఆ లెక్క లేదు అవ్వా" అంది. అవ్వ చెరగడం ఆపి చాలాసేపు ఆలోచించింది. "లెక్క లేకుంటె ఎట్ల బిడ్డ, రేపు ఏ ఇంట్ల ఏమైతవో ఎట్ల తెలుస్తది?" అని, ఆ పూటకు తమ ఇంటి లెక్కలోనే కలుపుకుని, కోడలితో జొన్నరొట్టె చేయించి పెట్టింది. వచ్చిన మనిషిని ఒక వరసలో చేర్చుకున్నాకే అన్నం పెట్టే ఆ మర్యాదను ఆమె ఎక్కడా వింతగా చూపలేదు. ఆ ఇంటి మనిషిగానే రాసింది.

కెరమెరి మండలం మహారాజ్‌గూడ అడవిలో జంగుబాయి దేవత గుహ దగ్గరికి పుష్యమాసంలో పోయింది. అడిగి పోయింది, కెమెరా సంచిలోనే ఉంచింది, లోపల చూసినవాటిలో చెప్పకూడదన్నవి చెప్పలేదు. కెస్లాపూర్ నాగోబా గుడి దగ్గరా అంతే. జన్నారం దగ్గర హస్తినమడుగు నుంచి గోండుల్లో మెస్రం వంశస్థులు గోదావరి జలం మోసుకుని కాలినడకన వచ్చే దారిలో కొంత దూరం వెనక నడిచింది, వాళ్ళ వరసలో కలవలేదు. 2022 డిసెంబరులో మెస్రంలు తమ సొంత చందాలతో కట్టుకున్న రాతిగుడి తెరుచుకుంది. పాత గుడి పోయింది కదా అని నొచ్చుకునేవాళ్ళకు ఆమె ఇచ్చిన జవాబు నాకు నచ్చింది: అక్కడ పాతది గోడ కాదు, నడక. మార్లవాయి గుస్సాడి నాట్యకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయాడు. ఆ తరువాత వచ్చిన దండారి పండుగలో ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు నెమలి ఈకల టోపీ పెట్టుకుని ఆడుతుంటే ఆమె చూసింది. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపిలో ఉన్న పాత రాతప్రతులను ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆయన మిత్రులు వెలుగులోకి తెచ్చారు. ఆ గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆ అక్షరాలతో బిడ్డ తన పేరు రాయించుకుంది. అది పుస్తకం మొదటి పుటలో ఉంది, చూడండి.

ఇంద్రవెల్లి గురించి ఒక మాట. ఆదిలాబాద్ నుంచి ఉట్నూర్ వచ్చే బస్సు గుడిహత్నూర్ దగ్గర పెద్దరోడ్డు దిగి, ఇంద్రవెల్లి స్తూపం పక్క నుంచే వస్తుంది. 1981 ఏప్రిల్ 20న అక్కడ పోలీసు కాల్పుల్లో చనిపోయిన గిరిజనులు పదమూడు మందని సర్కారు లెక్క. ఊళ్ళ లెక్క అంతకు ఎన్నో రెట్లు. ఆ వైపు పోయినప్పుడల్లా బిడ్డ ఆ స్తూపం దాటి పోవలసిందే, దాటి రావలసిందే. ఆ విషయం ఆమె మళ్ళీ మళ్ళీ రాసింది. ఒక పెద్దమనిషి ప్రూఫులు చదివి, యాత్రా పుస్తకంలో ఇన్నిసార్లు ఇదెందుకు అన్నారట. ఉండాలి, తీయొద్దు అని నేను పట్టుబట్టాను. మా నేల మీద అందం చూడటానికి పోయే దారి అదే మరి.

బస్సుల వేళలు, నడిచే దారులు, తాగునీరు దొరికే ఊళ్ళ వివరాలు ప్రతి అధ్యాయం చివర ఇచ్చింది. వేళలు మారుతాయి, దారుల మీద వంతెనలు వస్తాయి, పోతాయి. అయినా అవి ఉండటం మంచిది. వీరాస్వామయ్య రాసుకున్న మజిలీలను ఇవాళ మనం ఎంత ఆశగా చదువుతాం! ఈ వివరాలను కూడా రేపు ఎవరో అంత ఆశగానే వెతుక్కుంటారు.

బిడ్డను రెండో పుస్తకానికి ప్రాణహిత వైపు పొమ్మన్నాను. అక్కడి యామన్‌పల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లి ఎముకలకు శాస్త్రజ్ఞులు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని ఆ ఊరి పేరే పెట్టారు. సుమారు పద్దెనిమిది కోట్ల ఏళ్ళ కిందటి ప్రాణి. దాని అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాదులో బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. పట్నం పిల్లలు టికెట్టు కొని చూస్తున్నారు. యామన్‌పల్లి పిల్లల్లో ఎందరు చూశారో కనుక్కుని రమ్మన్నాను. "ముందు ఊరికి పోయి వాళ్ళనడిగి, వస్తె వాళ్ళను తీస్కొని మ్యూజియంకు పోత సార్" అంది. వానలు తగ్గాక బయలుదేరుతోంది.

ఉట్నూర్